జీపు స్టీరింగ్ ఎందుకు ఊగుతోందంటే

చిత్తూరు

చిన్నోడికీ, పాపకీ తాత ఆశీస్సులు.

పండక్కి వచ్చి, జీపు ఎక్కించలేదని అలిగి వెళ్లారట. ముందు చక్రాలు ఊడదీసి ఉంటే ఎట్లా ఎక్కించేది? ఏం జరుగుతోందో రాస్తున్నా, ఇద్దరూ చదవండి.

మహీంద్రావాళ్లు 1947లో మన రోడ్ల మీదికి తెచ్చిన విల్లీస్ జీపుల వంశమే మనది కూడా, సీజే-3బి అనే మోడలు. స్టీరింగ్ కడ్డీ కింద పళ్ల పెట్టె ఉంటుంది, అదే స్టీరింగ్ బాక్సు. దాన్నుంచి డ్రాగ్ లింకు అనే కడ్డీ వస్తుంది. అది బెల్ క్రాంకును, అంటే మధ్యలో తిరిగే వంపు ఇనుప ముక్కను కదిలిస్తే, అక్కణ్నుంచి టై రాడ్లనే రెండు కడ్డీలు చక్రాలను తిప్పుతాయి. ఒక్కో కీలు దగ్గర అరుగుదల రవ్వంతే. అన్నీ కలిసి చేతికొచ్చేసరికి స్టీరింగ్ మూడు నాలుగు వేళ్ల మేర ఊరికే తిరుగుతుంది, చక్రాలు కదలవు. మొగిలి ఘాట్‌లో ఎదురుగా టమాటా లారీ వస్తుంటే ఆ ఖాళీ ఎంత టెన్షన్ పెడుతుందో మీ నాన్నను అడగండి.

ఇలాంటప్పుడు చాలామంది స్టీరింగ్ బాక్సు పక్కనున్న స్క్రూను బిగించేస్తారు. నాకది అస్సలు నచ్చదు. బాక్సు లోపల ఎక్కువ అరిగేది నడిమధ్యనే, బండి తిన్నగా పోయే చోట. అక్కడికి సరిపోయేట్టు బిగిస్తే మలుపులో పట్టేస్తుంది. పైగా తప్పు టై రాడ్ ఎండ్‌లో, అంటే ఆ కడ్డీ కొసనున్న కీలులో ఉంటే బాక్సును బిగించి లాభమేంటి?

ముందు తప్పెక్కడుందో పట్టుకోవాలి. చక్రాలు నేల మీదే ఉండగా ఒకరు స్టీరింగ్‌ను అటూ ఇటూ చిన్నగా ఊపాలి, ఇంకొకరు కింద ఒక్కో కీలు మీద చెయ్యి పెట్టి చూడాలి. కదలిక ఏ కీలు దగ్గర ఆగిపోతోందో అరిగింది అదే. ఆ తర్వాత జాకీ ఎత్తి, స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాలి. ఊగితే అది చక్రం బేరింగో, కింగ్‌పిన్ (స్టీరింగ్ తిప్పినప్పుడు చక్రం పక్కకు మళ్లే ఇరుసు) బేరింగో. రెండింటికీ తేడా కనుక్కోవడం తేలికే. ఒకరిని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపాలి. ఊగడం ఆగితే చక్రం బేరింగు, ఆగకపోతే కింగ్‌పిన్. మనకు ఆగలేదు.

కింగ్‌పిన్‌కు పైనా కిందా బేరింగులుంటాయి. బిగువు సరిచూసేది వాటి దగ్గర పెట్టే షిమ్‌లనే పల్చటి రేకులతో. రేకులు తీస్తే బిగుస్తుంది, వేస్తే వదులవుతుంది. బేరింగులు చెన్నై పుదుపేటలో వెతికించి తెప్పించా.

టై రాడ్ ఎండ్ మాత్రం ఊడదీయడానికి మొండిది. దాని పిన్ను ఏటవాలుగా ఉండి రంధ్రంలో బిగుసుకుపోతుంది. పిన్ను కొసనున్న మర (నట్టు ఎక్కే గాట్లు) మీద కొడితే మర పాడవుతుంది. నట్టు రెండు మరలు మిగిలేట్టు ఉంచి, ఆ రంధ్రమున్న ఇనుప ఆర్మ్‌కు ఒక పక్క బరువైన సుత్తి ఆనించి, రెండో పక్క ఇంకో సుత్తితో గట్టిగా కొట్టాలి. టక్కున వదిలేస్తుంది. పాతది విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి, కొత్తదాన్ని అన్నే చుట్లు ఎక్కిస్తే కొలత దాదాపు నిలుస్తుంది. నట్టు బిగించాక అది ఊడకుండా గుచ్చే కాటర్ పిన్ కొత్తదే వేయాలి. పాతదాన్ని వంచి మళ్లీ వాడేవాళ్ల బండి నేనెక్కను.

చివరగా టో-ఇన్, అంటే ముందు చక్రాలు కాస్త లోపలికి తిరిగి ఉండటం. ముందు చక్రాల మధ్య దూరం వెనకవైపు కంటే ముందువైపు కాస్త తక్కువుండాలి, ఈ జీపుకు అంగుళంలో 3/64 నుంచి 3/32 వంతు దాకా. ఆ కొలత ఇంకా చూడలేదు. టేపు రెండో కొస పట్టుకునే మనిషి కావాలి. దసరాకు వచ్చేటప్పుడు పాత బట్టలు తెచ్చుకోండి.

మీ తాత