బాక్సు చిన్నదైతే బేస్ ఏమైపోతుంది?

ఒక పాఠకుడు అడిగిన ప్రశ్న ఇది: “ఎనభైల్లో మా నాన్నగారు కొన్న రెండు పెద్ద స్పీకర్ బాక్సులు ఇంకా హాల్లోనే ఉన్నాయి. ఒక్కోదాన్ని కదపాలంటే ఇద్దరు పట్టాలి. మొన్న కొన్న బ్లూటూత్ స్పీకర్ అరచేతిలో పడుతుంది, అయినా గది నిండా వినిపిస్తుంది. ఇంత చిన్నవి చేయడం సాధ్యమైనప్పుడు అప్పట్లో అంత పెద్దవి ఎందుకు చేశారు? వాళ్లకు తెలియకనా?”

తెలియక కాదండీ. స్పీకర్ బాక్సు ఎంత ఉండాలో నిర్ణయించే నియమం 1960ల తొలినాళ్లకే తేలిపోయింది. ఆ నియమం ఈరోజుకీ మారలేదు. మారింది దానికి మనం కట్టే మూల్యం.

స్పీకర్‌లో అయస్కాంతం, దాని సందులో ఆడే తీగచుట్ట, చుట్టకు అంటించిన కోన్ ఉంటాయి. 1925లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీర్లు రైస్, కెలాగ్ ప్రకటించిన ఏర్పాటే దాదాపుగా ఇప్పటికీ నడుస్తోంది. దాని గురించి పాఠ్యపుస్తకాల్లో ఉంది కాబట్టి వదిలేస్తాను. నా ఆసక్తంతా కోన్ వెనక, బాక్సులో ఉండిపోయిన గాలి మీద.

కోన్ ముందుకు వస్తే ముందున్న గాలి నొక్కుకుంటుంది, అదే క్షణంలో వెనకున్న గాలి పలుచబడుతుంది. బాక్సు లేకపోతే బేస్‌లో, అంటే లోతైన కింది స్వరాల్లో, ఈ రెండూ కోన్ అంచు చుట్టూ తిరిగొచ్చి ఒకదాన్నొకటి చెరిపేస్తాయి. అందుకే వెనక భాగాన్ని చెక్కపెట్టెలో మూస్తాం. మూసిన వెంటనే లోపలి గాలి స్ప్రింగ్‌లా పనిచేయడం మొదలుపెడుతుంది.

సైకిల్ పంపు తీసుకుని, గాలి వచ్చే మూతిని బొటనవేలితో గట్టిగా మూసి పిడి నొక్కండి. కొంచెం దిగుతుంది, వదిలేస్తే వెనక్కి వస్తుంది. అదే స్ప్రింగ్. ఇప్పుడు సగం పొడవున్న పంపుతో అదే పని చేస్తే, పిడిని అంతే దూరం దింపడానికి రెట్టింపు బలం కావాలి. పొడవు మార్చకుండా గొట్టాన్ని లావు చేస్తే? లావైన బిరడా అదే దూరం దిగినా అడ్డుకోత వైశాల్యం రెట్టింపైతే గొట్టంలో గాలీ రెట్టింపే కాబట్టి పీడనం అంతే పెరుగుతుంది. కానీ ఆ పీడనం రెట్టింపు వైశాల్యం మీద తోస్తుంది కనుక చేతికి రెట్టింపు బరువు తెలుస్తుంది. గాలి మొత్తాన్ని పెంచకుండా బిరడా వైశాల్యాన్ని మాత్రమే రెట్టింపు చేస్తే బలం నాలుగు రెట్లవుతుంది. అంటే బాక్సు ఘనపరిమాణం తగ్గినా, కోన్ పెద్దదైనా స్ప్రింగ్ బిగుస్తుంది. ఈ బిగువే బేస్‌కు శత్రువు. స్ప్రింగ్ బిగుసుకుంటే కోన్ సహజ కంపన పౌనఃపున్యం పైకి పోతుంది, దానికంటే కిందున్న స్వరాలు చకచకా పలుచబడతాయి.

1954 వరకూ తయారీదారులు దీన్ని తప్పించుకోవాల్సిన ఇబ్బందిగానే చూశారు. కాబట్టి పెద్ద బాక్సులు కట్టారు. అప్పుడు అమెరికాలో ఎడ్గర్ విల్చర్ అనే ఆయన ఆలోచనను తిరగేశాడు. కోన్‌ను పట్టి ఉంచే గుడ్డ, కాగితపు మడతలు కూడా స్ప్రింగే కదా, పైగా నాసిరకం స్ప్రింగ్. ఎక్కువ దూరం లాగితే గట్టిపడి స్వరాన్ని వికారం చేస్తుంది. దాన్ని వీలైనంత వదులు చేసి, పని మొత్తం గాలి స్ప్రింగ్‌కే అప్పగిస్తే? హెన్రీ క్లాస్‌తో కలిసి ఆయన కేంబ్రిడ్జ్‌లో అకౌస్టిక్ రీసెర్చ్ కంపెనీ పెట్టి, ఏఆర్-1 అనే స్పీకర్ తెచ్చాడు. 12 అంగుళాల వూఫర్ (బేస్ పలికించే స్పీకర్), సుమారు 50 లీటర్ల మూసిన బాక్సు. అప్పటికి ఆ బేస్‌కు అంత చిన్న బాక్సు ఊహకు అందనిది.

లెక్క వేసి చూద్దాం. 12 అంగుళాల కోన్ వైశాల్యం సుమారు 530 చదరపు సెంటీమీటర్లు. 50 లీటర్ల గాలిలోకి దాన్ని 1 మిల్లీమీటరు నెట్టడానికి దాదాపు 8 న్యూటన్ల బలం, అంటే 800 గ్రాముల బరువు పెట్టినంత కావాలి. చాలా గట్టి స్ప్రింగ్! కానీ ఆ మిల్లీమీటరులో కోన్ నొక్కిన గాలి 53 ఘన సెంటీమీటర్లే, లోపలున్నది 50,000. మార్పు వెయ్యిలో ఒక వంతు. పంపు పిడిని సగం దాకా దింపితే నొక్కేకొద్దీ బరువెక్కుతుంది, కానీ గొట్టం పొడవులో వెయ్యోవంతు దింపితే బలం, దూరం ఒకే నిష్పత్తిలో, సరళరేఖలా పెరుగుతాయి. ఏఆర్ బేస్ అంత శుభ్రంగా వినిపించడానికి కారణం ఇదే.

ఇక్కడే మన ఇంటర్మీడియట్ ఫిజిక్స్‌ను గుర్తు చేయాలని ఉంది. గాలిలో ధ్వని వేగానికి న్యూటన్ వేసిన లెక్క తక్కువ వచ్చిందని, నొక్కుకున్న గాలి వేడెక్కుతుందని గమనించి లాప్లాస్ 1.4 అనే గుణకం చేర్చి సరిచేశాడని పిల్లలు బట్టీ పడతారు. పరీక్ష అయ్యాక మరిచిపోతారు. విల్చర్ ఏఆర్-1 బాక్సు నిండా ఫైబర్‌గ్లాస్ దూది కూరారు. నొక్కుకున్న గాలిలో పుట్టే వేడిని ఆ దూది పోగులు పీల్చుకుంటాయి, గాలి వేడెక్కదు, గుణకం 1.4 నుంచి 1 వైపు జారుతుంది. స్ప్రింగ్ మెత్తబడుతుంది, బాక్సు ఉన్నదానికంటే పెద్దదైనట్టు ప్రవర్తిస్తుంది. సిద్ధాంతం ప్రకారం 40 శాతం దాకా, ఆచరణలో అంతకంటే తక్కువ. లాప్లాస్ సవరణను దూదితో వెనక్కి తిప్పి న్యూటన్‌ను నిజం చేయడమన్నమాట. ఈ పాఠం చెప్పేటప్పుడు బల్ల మీద ఒక పాత స్పీకర్ విప్పి పెడితే ఒక్క విద్యార్థి కూడా ఆ గుణకాన్ని మరిచిపోడు.

గాలి స్ప్రింగ్ బిగుసుకున్నా బేస్ దిగాలంటే మార్గం ఒకటే, కోన్ బరువు పెంచడం. బరువు పెరిగితే కంపనం నెమ్మదిస్తుంది. దీని ధరను లెక్కగట్టినవాడు ఆంటన్ హాఫ్‌మన్. ప్రసిద్ధ పియానో విద్వాంసుడు జోసెఫ్ హాఫ్‌మన్ కొడుకు. హెన్రీ క్లాస్, మాల్కమ్ లో, హాఫ్‌మన్ ముగ్గురి ఇంటిపేర్ల మొదటి అక్షరాలతో 1957లో పుట్టిన కేఎల్‌హెచ్ కంపెనీలో మూడో అక్షరం ఈయనదే. ఆయన సూత్రాన్ని ఇప్పటికీ ఇనుప నియమం అంటారు. చిన్న బాక్సు, లోతైన బేస్, తక్కువ కరెంటుతో ఎక్కువ శబ్దం. ఈ మూడింట్లో రెండే దొరుకుతాయి.

ఎందుకో అంకెల్లో చూడండి. బాక్సును సగం చేశాం, స్ప్రింగ్ రెట్టింపు బిగిసింది. పౌనఃపున్యం మారకూడదంటే కోన్ బరువు రెట్టింపు చేయాలి. బరువు రెట్టింపైతే అదే బలానికి త్వరణం సగమవుతుంది, ధ్వని శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. అయితే స్ప్రింగూ బరువూ పెరిగాయి కాబట్టి కోన్‌కు కళ్లెం వేయడానికి అయస్కాంతం పట్టును కూడా పెంచుతాం, దానివల్ల పోయినదాంట్లో కొంత తిరిగొస్తుంది. అంతకుమించి అయస్కాంతం పెంచితే కళ్లెం మరీ బిగిసి బేసే తగ్గిపోతుంది. నికరంగా మిగిలేది సగం. బాక్సు సగమైతే సామర్థ్యం సగం. బేస్ విషయంలో దెబ్బ ఇంకా పెద్దది, ఎందుకంటే అక్కడ పౌనఃపున్యం ఘనం లెక్కలోకి వస్తుంది (2×2×2 అంటే 8). 60 హెర్ట్జ్ దగ్గర ఆగే స్పీకర్‌ను 30కి దింపాలంటే బాక్సు ఎనిమిది రెట్లు పెరగాలి, లేదా యాంప్లిఫయర్ ఎనిమిది రెట్లు పెరగాలి. 20 వాట్లు చాలిన చోట 160 వాట్లన్నమాట.

ఈ నియమం రెండు చివర్లలో ఇద్దరు ప్రముఖులున్నారు. 1946లో ఆర్కన్సాలోని హోప్ అనే ఊళ్లో పాల్ క్లిప్ష్ మొదలుపెట్టిన క్లిప్ష్‌హార్న్ గది మూలలో నిలబెట్టాల్సిన బీరువా. గది గోడలే దాని బూరకు కొనసాగింపు. 1 వాటుకు, 1 మీటరు దూరంలో 105 డెసిబెళ్లు ఇస్తుందని కంపెనీ చెబుతుంది. మరో చివర 1970లలో బీబీసీ తన ప్రసార వ్యాన్ల కోసం రూపొందించిన ఎల్‌ఎస్3/5ఏ, ఎత్తు ఒక అడుగు. అదే లెక్కలో సుమారు 83 డెసిబెళ్లు. 22 డెసిబెళ్ల తేడా అంటే దాదాపు 150 రెట్లు. క్లిప్ష్‌హార్న్ 1 వాటుతో చేసే శబ్దం కోసం ఆ చిన్న స్పీకర్‌కు 150 వాట్లు పెట్టాలి, అంత పెడితే దాని తీగచుట్ట కాలిపోతుంది.

వాల్వు రేడియోలో దొరికేది మూడు నాలుగు వాట్లు. వాటు ఖరీదైన కాలంలో బాక్సుకు చెక్క ఖర్చు పెట్టడమే తెలివైన పని. ట్రాన్సిస్టర్ వచ్చాక వాటు దిగొచ్చింది. ఆస్ట్రేలియాలో నెవిల్ థీల్ 1961లో, రిచర్డ్ స్మాల్ 1970లలో రాసిన పత్రాల వల్ల బాక్సు కొలతలు అంచనాల నుంచి లెక్కల్లోకి వచ్చాయి. 1980లలో నియోడిమియం అయస్కాంతాలు వచ్చి అరచేయంత ఇనుప దిమ్మ నాణెమంత అయింది. ఇప్పటి క్లాస్-డి యాంప్లిఫయర్ తీసుకున్న కరెంటులో 90 శాతం దాకా స్పీకర్‌కే పంపుతుంది. వాటు ఇంత చవకయ్యాక ఇనుప నియమంలో వదులుకోవాల్సింది సామర్థ్యాన్నే. కొత్త స్పీకర్లు చేసింది అదే.

కానీ వాటుతో కొనలేనిది ఒకటుంది, గాలిని కదిలించే పరిమాణం. 40 హెర్ట్జ్ స్వరాన్ని 1 మీటరు దూరంలో 90 డెసిబెళ్లకు పలికించాలంటే 12 అంగుళాల కోన్ ఇటూ అటూ దాదాపు 1.4 మిల్లీమీటర్లు ఆడితే చాలు. అదే పనికి 5 అంగుళాల కోన్ ఇటూ అటూ 9 మిల్లీమీటర్ల దాకా ఊగాలి. అరచేతిలో పట్టే స్పీకర్ కోన్ అయితే బాక్సులోంచి బయటికి దూకేయాల్సిందే. మరి మీ బ్లూటూత్ స్పీకర్‌లో బేస్ ఎలా వినిపిస్తోంది? రెండు ఉపాయాలున్నాయి. మొదటిది, లోపలి చిప్ కోన్ కదలికను లెక్కిస్తూ, తక్కువ వాల్యూమ్‌లో బేస్ ఎత్తుతుంది, వాల్యూమ్ పెంచేకొద్దీ చప్పుడు చేయకుండా దాన్ని కోసేస్తుంది. మీరే పరీక్షించవచ్చు. రెండోది మన మెదడు చేసే పని. 50 హెర్ట్జ్ స్వరం లేకపోయినా 100, 150, 200 వినిపిస్తే మెదడు 50ని తనే పూరించుకుంటుంది.

మృదంగం వింటే ఈ సంగతి బాగా తెలుస్తుంది. మామూలు డప్పు తోలు పలికే అతిస్వరాలు (అసలు శ్రుతితోపాటు వచ్చే పై స్వరాలు) ఒకదానికొకటి పొంతన లేకుండా ఉంటాయి. కరణి అనే నల్లటి ముద్ద పూసిన మృదంగం కుడివైపు మాత్రం శ్రుతికి పూర్ణ గుణిజాలుగా పలుకుతుందని సి.వి. రామన్ 1920లోనే ప్రకటించారు. అందుకే చిన్న స్పీకర్‌లోనూ కుడివైపు దెబ్బ శ్రుతి స్పష్టంగానే తెలుస్తుంది. ఎడమవైపు దెబ్బకు మాత్రం ఆ సాయం దొరకదు. పెద్ద బాక్సులో ఛాతీకి తగిలే ఆ గుమ్మనడం చిన్నదానిలో వేళ్లు తగిలిన చప్పుడుగా మిగిలిపోతుంది.

ఆ పెద్ద బాక్సులను దయచేసి తూకానికి వేయకండి. ముందు జాలీ తీసి కోన్ చుట్టూ ఉన్న అంచును చూడండి. ఫోమ్ అయితే పొడిపొడిగా రాలుతుండవచ్చు. పాలీయురిథేన్ ఫోమ్‌ను గాలిలోని తేమే నెమ్మదిగా విడగొడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరపు ఊళ్లలో అది ఇంకా త్వరగా పోతుంది. కోన్ బాగుంటే కొత్త అంచు అంటించే పని కష్టమైనదేం కాదు. అంచు రబ్బరుదైతే చాలావరకు ఇప్పటికీ గట్టిగానే ఉంటుంది. పై, కింది స్వరాలను వేర్వేరు స్పీకర్లకు పంచే క్రాస్‌ఓవర్‌లోని ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లను మాత్రం మార్పించండి, నలభై ఏళ్లలో వాటి విలువ జారిపోతుంది. ఆపై ఒక చిన్న క్లాస్-డి యాంప్లిఫయర్ తగిలించండి. పాతకాలపు చెక్క, ఈ కాలపు వాట్లు రెండూ మీవే అవుతాయి.

పాతవన్నీ గొప్పవని మాత్రం అనను. మధ్య, పై స్వరాల్లో కొత్త స్పీకర్లు నిజంగానే ముందున్నాయి. పాత బాక్సుల్లో చాలావాటికి ఎదురుగా కూర్చుంటే ఒక స్వరం, పక్కకు జరిగితే మరో స్వరం. కెనడా జాతీయ పరిశోధన మండలిలో ఫ్లాయిడ్ టూల్ ఏళ్ల తరబడి జనాన్ని తెర ఇవతల కూర్చోబెట్టి వినిపించి, ముందూ పక్కలా కూడా ఒకే తీరుగా పలికే స్పీకర్లే ఎక్కువమందికి నచ్చుతాయని చూపించాడు. ఇప్పుడు మంచి తయారీదారులు చుట్టూ పదుల కోణాల్లో కొలిచి మరీ చేస్తున్నారు.

ఆడియో ప్రపంచంలో మూఢనమ్మకాలకు కొదవ లేదు. వేల రూపాయల స్పీకర్ వైరుతో గొంతు మారుతుందని, పాతదాని చెక్కలో వెచ్చదనం ఉంటుందని నమ్మేవాళ్లున్నారు. 1994లో టూల్, షాన్ ఆలివ్ ఒకే శ్రోతలకు అవే స్పీకర్లను ఒకసారి కనబడేలా, ఒకసారి తెర వెనక ఉంచి వినిపించారు. కనబడినప్పుడు పెద్దవాటికి మార్కులు పెరిగాయి, చిన్న ప్లాస్టిక్ సెట్టుకు తగ్గాయి. శ్రోతలు వాళ్లిద్దరూ అప్పుడు పనిచేస్తున్న హార్మన్ అనే ఆడియో కంపెనీ ఉద్యోగులే, స్పీకర్ల గురించి తెలిసినవాళ్లే.

కాబట్టి ఇంట్లో పాతదాన్నీ కొత్తదాన్నీ పోల్చాలనుకుంటే రెండు జాగ్రత్తలు తీసుకోండి. రెండింటి ముందూ పలుచటి గుడ్డ కట్టి, మార్చి మార్చి వినిపించే పని ఇంకొకరికి అప్పగించండి. వినేముందు ఫోన్‌లోని డెసిబెల్ యాప్‌తో, మీరు కూర్చునే చోటే, రెండింటి వాల్యూమ్ సమానం చేయండి. ఒక్క డెసిబెల్ ఎక్కువున్నా చెవి దాన్ని శబ్దంగా కాక నాణ్యతగా లెక్కేస్తుంది.