ఎటూ తేల్చుకోని ఓటరు: అపోహలు, ఫోన్లో విన్న వాస్తవాలు

నార్త్ కరోలినాలో ఉంటూ పద్నాలుగేళ్లుగా ఎన్నికల సర్వేల్లో పనిచేస్తున్నాను. మొదట్లో ఫోన్ ఇంటర్వ్యూలు చేసేవాణ్ణి, ఇప్పుడు ఎక్కువగా ఫోకస్ గ్రూపులు, అంటే కొద్దిమంది ఓటర్లను ఒక గదిలో కూర్చోబెట్టి మాట్లాడించడం, నడుపుతున్నాను. అమెరికా అధ్యక్ష ఎన్నిక వచ్చిందంటే చాలు, ఇంటి దగ్గర్నుంచి ఫోన్ చేసే బంధువులూ ఇక్కడి స్నేహితులూ అడిగే మాట ఒకటే. "ఏడాదిగా టీవీల్లో అదే గోల కదా, ఇంకా ఎవరికి వెయ్యాలో తెలియనివాళ్లు ఉంటారా?"

ఉంటారు. రోజూ నేను మాట్లాడేది వాళ్లతోనే. వాళ్లను తేలిక చేసి మాట్లాడితే నాకు మనసు చివుక్కుమంటుంది, అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: తేల్చుకోలేదంటే ఏమీ తెలియదని అర్థం

కొందరి విషయంలో ఇది నిజమే. రెండు ఉద్యోగాలు చేసుకుంటూ, రాత్రి పదింటికి ఇల్లు చేరి, వార్తలు చూసే ఓపిక లేనివాళ్లున్నారు. కానీ నన్ను ఎక్కువసేపు ఫోన్లో ఉంచేవాళ్లు వాళ్లు కాదు. అన్నీ తెలిసి, రెండు వైపులా లాగుడు పడుతున్నవాళ్లు.

2016 అక్టోబరులో మిషిగన్ నుంచి ఒకావిడ. కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన తండ్రి, కాలేజీలో చదువుతున్న కూతురు. నేను ప్రశ్న చదివాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. వెనక గిన్నెలు కడుగుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. తర్వాత నెమ్మదిగా అన్నారు: "ఒకరికి వేస్తే మా నాన్న మొహం చూడలేను. ఇంకొకరికి వేస్తే మా అమ్మాయి మొహం చూడలేను." నేను స్క్రిప్టు ప్రకారం, "ఏదో ఒకవైపు కొంచెమైనా మొగ్గు ఉందా అండీ?" అని అడిగాను. లేదన్నారు. ఆవిడ చెప్పిందంతా నా స్క్రీన్ మీద "తెలియదు" అనే ఒక్క గడిలో పడింది. ఆవిడకి తెలియనిది ఏముంది? ఆ గడికి పెట్టిన పేరే తప్పు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేం కాదు. 1940లో సామాజిక శాస్త్రవేత్త పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం ఒహాయోలోని ఈరీ కౌంటీలో 600 మందిని ఎంచుకుని, మే నుంచి నవంబరు దాకా నెలనెలా వాళ్లనే కలిసి మాట్లాడింది. ఇల్లు ఒకవైపు, చర్చి ఒకవైపు, చేసే పని ఇంకోవైపు లాగుతున్నవాళ్లు అందరికంటే ఆలస్యంగా నిర్ణయించుకున్నారని తేలింది. అలా లాగుడు పడేవాళ్లలో ఎన్నిక మీద ఆసక్తి కూడా తగ్గిపోతుంది. బయటినుంచి చూస్తే అది పట్టనితనంలా కనిపిస్తుంది. ఇంట్లో గొడవ పడలేక ఆ మాటే ఎత్తకుండా తిరిగే మనిషిని మనం పట్టించుకోనివాడు అంటామా?

అపోహ: ఇండిపెండెంట్లంటే తేల్చుకోనివాళ్లే

కాదు. 2023లో గ్యాలప్ అనే సంస్థ సర్వేల్లో తాము ఇండిపెండెంట్లమని, అంటే ఏ పార్టీకీ చెందమని, చెప్పుకున్నవాళ్లు 43 శాతం. "ఎటు మొగ్గు?" అని ఇంకో ప్రశ్న వెయ్యండి, వాళ్లలో చాలామంది ఒక పార్టీ వైపు తేలిపోతారు, ఓటూ అటే వేస్తారు. నిజంగా మధ్యలో మిగిలేది మొత్తం జనంలో పదిమందికి ఒకరు. పార్టీ పేరు చెప్పుకోవడానికి ఇష్టపడకపోవడం వేరు, ఎవరికి వెయ్యాలో తేలకపోవడం వేరు.

అపోహ: వాళ్లు అంశాలన్నీ తక్కెడలో వేసి తూస్తారు

చదువుకున్నవాళ్లు ఎక్కువగా నమ్మేది దీన్నే. అభ్యర్థుల విధానాలు పక్కపక్కన పట్టికలో పెట్టిస్తే ఓటరు చూసుకుని తేల్చుకుంటాడని. పద్నాలుగేళ్లలో ఆ పని చేసిన మనిషి నాకు ఇద్దరో ముగ్గురో తగిలారు.

"మీకు అన్నిటికంటే ముఖ్యమైన అంశం ఏది?" అంటే "ఎకానమీ" అంటారు. ఆ మాటను అలాగే రాసుకుని ముందుకు పోతే ఇంటర్వ్యూ చేసినట్టు కాదు. "అంటే ఏంటండీ? ఇంకేమైనా?" అని అడిగి ఆగాలి. ఆ ఆగడమే మా పనిలో అసలు విద్య. 2024 సెప్టెంబరులో ఒక ఫోకస్ గ్రూపులో ఇలాగే ఆగాను. ఒకతను మాటల్లో చెప్పలేక ఫోన్ తీశాడు. సరుకులు తెప్పించుకునే యాప్‌లో 2020 నాటి తన పాత ఆర్డరు తెరిచాడు. పాలు, గుడ్లు, బ్రెడ్డు, పిల్లల సీరియల్, మాంసం. "మళ్లీ ఆర్డర్ చెయ్యి" అనే బటన్ నొక్కి, కొత్త మొత్తం వచ్చేదాకా ఆగి, ఫోన్ బల్ల మీద మా అందరివైపు తిప్పి పెట్టాడు. ఆ గదిలో ఉన్న తొమ్మిదిమందీ ముందుకు వంగి చూశారు.

ధరల పెరుగుదల 2022 జూన్‌లో 9.1 శాతానికి చేరింది. ఆ గ్రూపు జరిగే నాటికి అది రెండున్నర శాతం లోపుకి దిగింది. ఆర్థికవేత్తలు చెప్పింది అబద్ధం కాదు. కానీ తగ్గింది పెరిగే వేగం, పెరిగిన ధర అలాగే ఉంది. ఓటరుకు కనిపించేది బిల్లు. 1980 ఎన్నికకు సరిగ్గా వారం ముందు డిబేట్‌లో రేగన్ వేసిన ప్రశ్న, నాలుగేళ్ల కిందటి కంటే మీ పరిస్థితి మెరుగ్గా ఉందా అన్నది, ఇప్పటికీ పనిచేసేది అందుకే. అది ఓటరు తనంతట తాను వేసుకునే ప్రశ్నే.

అంశం పేరు ఒకటుంటుంది, దాని వెనక బతుకు ఇంకొకటుంటుంది. దీనికి నేను కొత్తగా పనిలో చేరేవాళ్లకి చూపించే వీడియో 1992 అక్టోబరులో రిచ్‌మండ్‌లో జరిగిన అధ్యక్ష అభ్యర్థుల డిబేట్. ప్రేక్షకులందరూ ఇంకా తేల్చుకోని ఓటర్లు, గ్యాలప్ ఎంపిక చేసి కూర్చోబెట్టినవాళ్లు. ఒకావిడ లేచి, దేశ అప్పు మీ సొంత జీవితాన్ని ఎలా తాకింది అని అడిగారు. అప్పటి అధ్యక్షుడు సీనియర్ బుష్ తడబడ్డారు, ప్రశ్న తనకి అర్థం కాలేదన్నారు. ఆవిడ ఉద్దేశం మాంద్యం గురించి అయ్యుంటుందని మోడరేటరే మధ్యలో సర్దారు. క్లింటన్ కుర్చీ వదిలి ఆవిడ దగ్గరికి నడిచి, ముందు "మిమ్మల్ని ఎలా తాకింది?" అని అడిగారు. ఆర్థికశాస్త్రం ప్రకారం చూస్తే ఆవిడ వాడిన మాట సరైంది కాకపోవచ్చు. కష్టం మాత్రం నిజం. ఆ గదిలో ముగ్గురు అభ్యర్థులు ఉన్నారు, మాట వెనకున్నది విన్నది ఒక్కరే.

ఇంకో సంగతి. ఒక అంశంలో ఓటరు ఎటున్నాడో తెలిస్తే ఓటు ఎటో తెలిసిపోతుందనుకుంటారు. 2024లో ఆరిజోనా చూడండి. డెమొక్రాట్లు సమర్థించే గర్భస్రావం హక్కును రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చే ప్రతిపాదనకు 61 శాతానికి పైగా ఓట్లు పడ్డాయి. అదే బ్యాలెట్ మీద అధ్యక్ష పదవికి రిపబ్లికన్ ట్రంప్ గెలిచారు. అదే బ్యాలెట్ మీద సెనేటుకు డెమొక్రాట్ రూబెన్ గలేగో గెలిచారు. మా నార్త్ కరోలినాలోనూ ట్రంప్ గెలిచిన రోజే డెమొక్రాట్ జాష్ స్టైన్ భారీ ఆధిక్యంతో గవర్నరయ్యారు. దీన్ని చూసి ఓటర్లకు నిలకడ లేదని రాశారు కొందరు. నేను మాట్లాడినవాళ్ల లెక్క వేరు: "ఆ పని ఈ గడిలో అయిపోయింది, ఇక పై గడిలో ధరల సంగతి చూస్తాను." దేనికి ఎవరు పనికొస్తారో పంచుకుని వేశారు. నాకైతే అది చాలా తెలివైన పని.

అపోహ: చివర్లో వాళ్లంతా ఒక సూత్రం ప్రకారం పడతారు

అధికారంలో ఉన్నవాళ్లకి వ్యతిరేకంగా పడతారని మా రంగంలో చాలాకాలం గట్టిగా నమ్మారు. ఆ లెక్కతోనే 2004లో, అధ్యక్షుడిగా ఉన్న జూనియర్ బుష్ మీద పోటీ చేసిన జాన్ కెర్రీ గట్టెక్కుతారని చాలామంది అనుకున్నారు. బుష్ గెలిచారు. తేల్చుకోనివాళ్లను ఇద్దరికీ సగం సగం పంచేస్తే సరిపోతుందనేది ఇంకో అలవాటు. 2016లో విస్కాన్సిన్‌లో చివరి వారంలో నిర్ణయించుకున్నవాళ్లలో ట్రంప్‌కు దాదాపు 30 పాయింట్ల ఆధిక్యం. ఆ రాష్ట్రం తేలింది 23 వేల లోపు ఓట్లతో. ట్రంప్, హిల్లరీ క్లింటన్ ఇద్దరూ నచ్చలేదన్నవాళ్లు దేశం మొత్తమ్మీద 18 శాతం, వాళ్లలోనూ ట్రంప్‌కే ఎక్కువ పడ్డాయి. సూత్రం లేదు. ఆ ఏడాది, ఆ ఇద్దరు మనుషులు, ఆ వారం జరిగింది, అంతే.

అపోహ: ఇంటికెళ్లి నచ్చజెబితే మారతారు

మా రాష్ట్రంలోని కేరీలో, జార్జియాలోని ఫోర్సైత్ కౌంటీలో మన తెలుగు పిల్లలు రెండు పార్టీల తరఫునా తలుపులు తడుతుంటారు. వాళ్లకి ఇది చెప్పాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నాను. జాషువా కల్లా, డేవిడ్ బ్రూక్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు 49 క్షేత్ర ప్రయోగాలను కలిపి చూస్తే, అధ్యక్ష ఎన్నికలాంటి సాధారణ ఎన్నికల్లో ప్రచారం వల్ల ఓటరు అభ్యర్థిని మార్చుకోవడం సగటున సున్నా అని తేలింది. నిరుత్సాహపడకండి. ఇంటికొచ్చి అడిగితే ఓటుకు వెళ్లేవాళ్లు మాత్రం నిజంగా పెరుగుతారు. 1998లో న్యూహేవెన్‌లో చేసిన ప్రయోగం దగ్గర్నుంచి అది రుజువవుతూనే ఉంది. 2020లో జార్జియా తేలింది 11,779 ఓట్లతో. కాబట్టి తలుపు తట్టండి. వాదించకండి, అడగండి.

అపోహ: మన ఊరి పేరు కలిస్తే మన ఓటు కలుస్తుంది

2024లో ట్రంప్‌తో కలిసి ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసిన జేడీ వాన్స్ భార్యగా, మన తెలుగు మూలాలున్న చిలుకూరి ఉష పేరు వచ్చాక, తెలుగువాళ్లందరూ అటే కదా అని ఇండియా నుంచి అడిగారు. నాతో మాట్లాడిన తెలుగువాళ్లు సంతోషపడ్డారు, ఫొటోలు పంచుకున్నారు. ఓటు దగ్గరికి వచ్చేసరికి పిల్లల కాలేజీ ఫీజు, ఇంటి లోను వడ్డీ, తమ్ముడి గ్రీన్‌కార్డు గురించి మాట్లాడారు. హెచ్1బీ మీద ఉన్న ఆ తమ్ముడికి ఓటే లేదు. అతని బాధ మాత్రం పౌరసత్వం ఉన్న అన్న ఓటులో ఉంటుంది.

అపోహ: చివరికి ఎవరో ఒకరికి వేస్తారు

ఎన్నిక అయ్యాక, ముందు మాట్లాడినవాళ్లకే మళ్లీ ఫోన్ చేసి అడిగే సర్వేలుంటాయి. 2016 నవంబరులో మిషిగన్ ఆవిడ నంబరు మళ్లీ నాకే వచ్చింది. ఆవిడ గొంతు గుర్తుపట్టాను. ఓటు వేశారా అని అడిగాను, వేశానన్నారు. పొద్దున్నే నాన్నను కారులో ఎక్కించుకుని వెళ్లారట. స్కూలు బోర్డుకు, జడ్జీలకు, కౌంటీ పదవులకు, అన్నిటికీ గడులు నింపారట. అన్నిటికంటే పైనున్న అధ్యక్ష పదవి దగ్గర పెన్ను చాలాసేపు ఆగిందట. అది అలాగే ఖాళీగా వదిలి, కాగితం మెషిన్లో పెట్టి వచ్చేశారట.

ఆ ఏడాది మిషిగన్‌లో అధ్యక్ష పదవికి ఓటు నమోదు కాని బ్యాలెట్లు 75 వేలకు పైగా ఉన్నాయి. గెలుపు తేడా 10,704.