బోఫోర్స్ తర్వాత ముప్పై ఏళ్లు కొత్త గన్ ఎందుకు రాలేదు

2025 మార్చిలో రెండు వార్తలొచ్చాయి. స్వీడన్ కంపెనీ బోఫోర్స్ దగ్గర శతఘ్నులు కొన్నప్పుడు చేతులు మారాయన్న ముడుపుల సమాచారం కోసం సీబీఐ అమెరికాకు లేఖ పంపిందని ఒకటి. మన దేశంలోనే రూపొందించిన 307 అటాగ్స్ శతఘ్నులకు, వాటిని లాగే వాహనాలకు కలిపి రక్షణ శాఖ సుమారు 6,900 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుందని ఇంకోటి. రచ్చంతా మొదటిదాని మీదే. రెండోది ఇంత ఆలస్యంగా ఎందుకొచ్చిందని అడిగినవాళ్లు తక్కువ.

ఆ ఒప్పందంలో ముడుపులు ముట్టాయని స్వీడిష్ రేడియో చెప్పడం, 1989 ఎన్నికల్లో రాజీవ్ గాంధీ కాంగ్రెస్ ఓడడం తెలిసినవే, వదిలేద్దాం. అసలు దెబ్బ ఆ తర్వాత పడింది. 1986 ఒప్పందంలో 410 గన్లతో పాటు వాటిని ఇక్కడే తయారుచేసుకునే టెక్నాలజీ కూడా ఉంది, డ్రాయింగులు చేతికొచ్చాయి. కానీ బోఫోర్స్ పేరు తలిస్తే ఎక్కడ తమకు మరక అంటుకుంటుందోనని ఇరవై ఏళ్లకు పైగా ఏ ప్రభుత్వమూ వాటిని బయటికి తీయలేదు, ఆ కుంభకోణం మీద ఓట్లడిగి గెలిచినవాళ్లతో సహా. విడిభాగాలు దొరక్క సైన్యం ఒక గన్ విప్పి ఇంకోదానికి బిగించుకుంది. 1999లో కార్గిల్ శిఖరాల మీది శత్రు స్థావరాలను బద్దలుకొట్టింది ఆ గన్లే.

కార్గిల్ చూశాకైనా మారలేదు. టెండరు పిలవడం, ఆరోపణ రావడం, కంపెనీని పక్కనపెట్టడం, మళ్లీ మొదటికి రావడం. 2005లో దక్షిణాఫ్రికా డెనెల్, 2012లో సింగపూర్ టెక్నాలజీస్ కైనెటిక్స్ బ్లాక్‌లిస్టులోకి వెళ్లాయి. అవినీతిని సహించేది లేదన్నది 2012 నాటి రక్షణ మంత్రి ఆంటోనీ మాట, అందులో తప్పు లేదు. అయితే లంచం ఇచ్చిన కంపెనీకి జరిమానా వేసి గన్లు తెచ్చుకునే దారి ఉండగా, కొనుగోలునే ఆపేస్తే ఆ శిక్ష సరిహద్దులో ఉన్న జవానుకు పడుతుంది. సంతకం పెట్టని అధికారిని ఏ విచారణ సంస్థా పిలవదు, అందుకే ఫైలు కదలదు.

చివరికి 2016లో ఎం777 గన్లు 145 కొన్నప్పుడు టెండరు జోలికే పోకుండా నేరుగా అమెరికా ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్నారు. అదే ఏడాది రఫేల్ యుద్ధ విమానాల ఒప్పందం కూడా అలాగే నేరుగా ఫ్రాన్స్ ప్రభుత్వంతో కుదిరింది, మొదట 126 కావాలనుకున్న చోట 36 విమానాలకు. అయినా 2019 ఎన్నికల్లో అదే పెద్ద గొడవ. పాత బోఫోర్స్ డ్రాయింగుల నుంచి పుట్టిన ధనుష్ మొదటి ఆరు గన్లు సైన్యానికి అందింది కూడా 2019లోనే.

సీబీఐ లేఖకు జవాబు రావాలి, ముడుపులు తిన్నవాళ్ల పేర్లు తెలియాలి. దాంతో పాటు ఆ డ్రాయింగులు అన్నేళ్లు ఎవరి హయాంలో, ఎవరి ఆదేశంతో మూలన పడ్డాయో కూడా కాంగ్రెస్, బీజేపీ రెండూ పార్లమెంటులో చెప్పాలి.