కూలింగ్ ఆగిపోతే ద్రవ లవణ రియాక్టర్‌లో ఏమవుతుంది? సిమ్యులేషన్‌పై అపోహలు - వాస్తవాలు

అపోహ: ఇంధనం ముందే కరిగి ఉంది, ఇక లెక్కగట్టడానికి ఏముంది?

ఈ రియాక్టర్‌లో ఇంధనం వేడి ద్రవ లవణంలోనే కలిసి పారుతుంది. ఆ ఫ్లైబ్ లవణం (లిథియం, బెరీలియం ఫ్లోరైడ్ల మిశ్రమం) సుమారు 1430 డిగ్రీల సెల్సియస్ దాకా మరగదు, నిజమే. కానీ దాన్ని పట్టి ఉంచేది లోహం. పాత్రకు వాడే నికెల్ మిశ్రమలోహం హాస్టెల్లాయ్-ఎన్‌కు డిజైన్ హద్దు దాదాపు 700 డిగ్రీలే. కాబట్టి ఫలితాల్లో ముందు చూడాల్సింది పాత్ర గోడ ఎంత వేడి మీద ఎన్ని గంటలు ఉందన్నది.

అపోహ: నీటి రియాక్టర్ల కోడ్‌లో లవణం గుణాలు పెడితే సరిపోతుంది.

ఎక్కువ తప్పులు పుట్టేది ఇక్కడే. ఇంధనం పారుతుంటే ఆలస్య న్యూట్రాన్లనిచ్చే ప్రీకర్సర్లూ (విచ్ఛిత్తిలో పుట్టి, కాస్త ఆగి న్యూట్రాన్‌ను వదిలే పరమాణువులు) దానితో పాటే కోర్ (గొలుసు చర్య జరిగే భాగం) దాటిపోతాయి, కొన్ని బయటే క్షీణిస్తాయి. అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో 1965-69 మధ్య నడిచిన ప్రయోగాత్మక ద్రవ లవణ రియాక్టర్ ఎంఎస్‌ఆర్‌ఈలో లవణం కోర్‌లో సుమారు 8.5 సెకన్లు, బయట దాదాపు 17 సెకన్లు ఉండేది. యురేనియం-235 ఇంధనంతో ఈ ప్రసరణ వల్ల తగ్గిన రియాక్టివిటీ (గొలుసు చర్య పెరిగే మొగ్గు) 212 పీసీఎం, అంటే లక్షలో 212 వంతులు. పంపు ఆగితే అదంతా తిరిగొస్తుంది. ఇంధన లవణం ఉష్ణ గుణకం (ఒక డిగ్రీ వేడెక్కితే రియాక్టివిటీలో వచ్చే మార్పు) డిగ్రీకి మైనస్ 8.7 పీసీఎం, అంటే సగటున 24 డిగ్రీలు వేడెక్కితే అది చెల్లిపోతుంది. కోర్‌లో న్యూట్రాన్ల వేగం తగ్గించే గ్రాఫైట్ గుణకం కూడా రుణాత్మకమే, కానీ గ్రాఫైట్ నిదానంగా వేడెక్కుతుంది. రెండింటినీ ఒకే గుణకంగా కలిపేస్తే పవర్ శిఖరం అసలు కంటే తక్కువగా కనిపిస్తుంది. ఇది చాలా ప్రమాదకరమైన తప్పు.

అందుకే ఆరు ప్రీకర్సర్ గ్రూపులకూ ప్రవాహ పదం ఉండాలి, లూప్ తిరిగొచ్చే దారితో సహా. పంపు ప్రవాహాన్ని ఒక్కసారిగా సున్నా చేయకండి. దాని జడత్వం నుంచి వచ్చే కోస్ట్-డౌన్ (క్రమంగా నెమ్మదించే) వక్రాన్నే ఇవ్వండి. ముందు ఏ మార్పూ లేకుండా కోడ్ నడిపి, స్థిరస్థితి జారడం లేదని చూసుకోవాలి. ఆ తర్వాత ఎంఎస్‌ఆర్‌ఈ జీరో-పవర్ కోస్ట్-డౌన్ పరీక్షతో సరిపోల్చాలి. అందులో వేడి ప్రభావం ఉండదు, పరీక్షకు నిలిచేది ప్రీకర్సర్ మోడల్ ఒక్కటే. కాబట్టి సహజ ప్రసరణ (పంపు లేకుండా వేడి తేడాతోనే లవణం కదలడం) పరీక్షతోనూ పోల్చక తప్పదు.

డికే హీట్‌దీ (గొలుసు చర్య ఆగాక కూడా రేడియోధార్మిక క్షీణత వల్ల పుట్టే వేడి) ఇదే కథ. అదంతా కోర్‌లోనే పుడుతుందని రాస్తే, గ్యాస్‌తో బయటికి పోయే క్రిప్టాన్, జెనాన్ వేడి, హీట్ ఎక్స్ఛేంజర్ గోడలకు అంటుకునే నోబుల్ లోహాల (లవణంలో కరగని విచ్ఛిత్తి ఉత్పత్తులు) వేడి లెక్కలోంచి జారిపోతాయి.

అపోహ: ఫ్రీజ్ ప్లగ్ (కింది పైపులో గడ్డకట్టించిన లవణపు బిరడా) కరిగిపోతుంది, లవణం ట్యాంకులోకి దిగిపోతుంది, అంతే.

ప్లగ్ లూప్‌కు దూరంగా, చిన్న పైపు చివర ఉంటే పైనున్న లవణం కదలదు. లవణపు ఉష్ణవాహకత మీటరు-కెల్విన్‌కు 1 వాట్ ప్రాంతమే, వేడి ప్లగ్ దాకా చేరడానికి చాలాసేపు పడుతుంది. పైగా ట్యాంకు గ్యాస్‌కు దారి లేకపోతే లవణం దిగదు. ట్యాంకుకూ కూలింగ్ కావాలి.

అపోహ: భయపడాల్సింది వేడికే.

షట్‌డౌన్ అయిన వెంటనే డికే హీట్ ఫుల్ పవర్‌లో 6-7 శాతం, ఒక రోజుకు అర శాతం. తొలి గంటకు సరిపోయేలా పెట్టిన అత్యవసర కూలర్ తర్వాత అతిగా చల్లబరుస్తుంది. ఫ్లైబ్ 459 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. అంతకు ముందే 700 నుంచి 500 డిగ్రీలకు దిగేసరికి స్నిగ్ధత రెండున్నర రెట్లకు పైగా పెరిగి సహజ ప్రసరణ మందగిస్తుంది. అందుకని రెండో కేసు కూడా నడపండి: కొద్దిసేపే పనిచేసి, డికే హీట్ పెద్దగా పోగవ్వని రియాక్టర్, ఫుల్‌గా తెరిచిన కూలర్, కనీసం 72 గంటలు.