పడవల యార్డులో అపోహలు – వాస్తవాలు: ముందుగా ఖాళీ ట్యాంకు సంగతి

చెన్నైలో కాశిమేడు రేవుకు దగ్గర, పాత ఫైబర్ పడవలను కొని, బాగుచేసి, తిరిగి అమ్మే యార్డుల్లో పద్దెనిమిదేళ్లుగా భద్రత పని చూస్తున్నాను. తడ, సూళ్లూరుపేట వైపు నుంచి ఈ పనికి వచ్చే మనవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఇది తెలుగులో రాస్తున్నాను. పోయిన వారం కూడా ఒక వెల్డరు నాతో ఆ పాత మాటే అన్నాడు: "ట్యాంకు ఖాళీ అన్నా, రెండు రోజుల కిందటే పెట్రోలు తీసేశాం."

అపోహ: ఖాళీ ట్యాంకుకు వెల్డింగ్ చేస్తే ఏమీ కాదు.

వాస్తవం: మండేది పెట్రోలు ద్రవం కాదు, దాని ఆవిరి. గాలిలో ఆ ఆవిరి సుమారు 1.4 నుంచి 7.6 శాతం దాకా ఉన్నప్పుడు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. 200 లీటర్ల ట్యాంకును ఆ స్థితికి తేవడానికి దాదాపు 15 మిల్లీలీటర్ల పెట్రోలు, అంటే మూడు టీస్పూన్లు చాలు. అంతకన్నా ఎక్కువే ట్యాంకు మూలల్లో, లోపలి అడ్డురేకుల వెనుక, గొట్టాల్లో, అడుగున పేరుకున్న జిగురులో మిగిలిపోతుంది. ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువైనది కనుక మూత తీసి ఎండలో పెట్టినంత మాత్రాన పూర్తిగా బయటికి పోదు.

వాసన రాలేదు కాబట్టి ఆవిరి లేదనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. ఆ పొరపాటు నేనే చేశాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మర్నాడు పొద్దున కొనుగోలుదారు వస్తున్నాడని, అడ్వాన్సు కూడా తీసుకున్నామని యజమాని తొందరపెడితే, అతుకు దగ్గర కారుతున్న అల్యూమినియం ట్యాంకు మూత దగ్గర ముక్కు పెట్టి చూసి, వెల్డింగ్ కుర్రాడితో "వాసన లేదు, కానివ్వు" అన్నాను. పక్క షెడ్డులో పొద్దుటి నుంచి రెసిన్ (ఫైబర్‌ను అతికించే ఘాటైన రసాయనం) పని జరుగుతోంది. ఆ ఘాటుకు మా ముక్కులు ఎప్పుడో మొద్దుబారిపోయాయన్న ఆలోచన నాకు రాలేదు. ట్యాంకు మూత ఎగిరి పైకప్పు రేకును చీల్చింది. ఆ కుర్రాడు కీల్పాక్ ఆసుపత్రి కాలిన గాయాల వార్డులో మూడు వారాలు ఉన్నాడు. రెండు చేతులకూ కట్లు ఉండటంతో వాళ్లమ్మ ఇడ్లీ తుంచి నోట్లో పెడుతూ, నా వైపు తిరిగి, "ఖాళీదే కదా బాబూ, ఎట్టా పేలింది?" అని అడిగింది. ఆ రోజు ఆమెకు జవాబు చెప్పలేకపోయాను.

పెట్రోలు పూర్తిగా తీసేసి, వేడినీళ్లూ సబ్బుపొడీ పోసి పలుమార్లు కడిగి, ఆవిరిని కొలిచే గ్యాస్ మీటరు గొట్టాన్ని అడుగు దాకా దించి, పని మొదలుపెట్టే ముందు సున్నా చూపిస్తేనే ముట్టుకోవాలి. అప్పుడు కూడా అతుకు వేసే చోటుకు కాస్త కింది వరకు నీళ్లు నింపి, ట్యాంకులోని గాలి బయటికి పోయే గొట్టం తెరిచి ఉంచాలి. మీటరు లేకపోతే వెల్డింగ్ లేదు, ట్యాంకే మార్చండి. "ఇది కిరోసిన్ బోటు, పెట్రోలు ఎక్కడిది?" అనేవాళ్లు ఆ ఇంజను స్టార్టు కావడానికి పెట్రోలే పోస్తారన్న సంగతి గుర్తు తెచ్చుకోవాలి. పడవ చూడవచ్చిన వారి ముందు తాళం తిప్పే సేల్స్ కుర్రాళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది: లోపల పెట్రోలు ఇంజను ఉన్న పడవైతే ముందు నాలుగు నిమిషాలు బ్లోయరు (ఇంజను గదిలోని ఆవిరిని బయటికి లాగే ఫ్యాను) తిప్పండి, ఆ నాలుగు నిమిషాలు ఆగలేని బేరం మనకు అక్కర్లేదు.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. బెల్లం ముక్క తింటే ఫైబర్ దుమ్ము దిగిపోతుందన్నది వట్టి మాట. బెల్లం కడుపులోకి పోతుంది, దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రెసిన్ గట్టిపడటానికి కలిపే హార్డ్‌నర్‌ను, కోబాల్టును నేరుగా ఒకదానిలో ఒకటి కలిపితే మంటలు లేవవచ్చు, పేలవచ్చు. ఒకటి రెసిన్‌లో పూర్తిగా కలిశాకే రెండోది పోయాలి. హార్డ్‌నర్ కంట్లో పడితే నలపకుండా, కనీసం పదిహేను నిమిషాలు ధారగా నీళ్లతో కడుగుతూ ఉండి, ఆపైన ఆసుపత్రికి వెళ్లాలి.

కొడుకు రెసిన్ పనిలో చేరాడని, క్యాన్సర్ వస్తుందంటున్నారని భయపడి ఫోన్ చేసే తల్లులకు ఒక మాట. అమ్మా, మీ భయంలో అర్థం ఉంది. రెసిన్‌లోని స్టైరీన్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2018లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్న పదార్థాల్లో చేర్చింది. అలాగని ఆ పని చేసిన ప్రతివాడికీ జబ్బు వస్తుందని కాదు. షెడ్డులో గాలి బయటికి లాగే ఫ్యాన్లు ఉన్నాయా, వాడికి ఇచ్చింది రసాయన ఆవిరిని ఆపే క్యాట్రిడ్జి మాస్కేనా అని అడగండి. గుడ్డ మాస్కు ఆవిరిని ఆపదు.

కాంట్రాక్టు కూలీకి ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) రాదన్నది మేస్త్రీలు పుట్టించిన మాట. ఈఎస్ఐ వర్తించే యార్డులో, నెలకు 21,000 రూపాయల లోపు జీతం ఉన్న కాంట్రాక్టు కార్మికుడికీ అది వర్తిస్తుంది. పనిలో దెబ్బ తగిలితే ఇన్ని రోజులు చందా కట్టి ఉండాలన్న నిబంధన లేకుండానే, పనికి పోలేని కాలానికి జీతంలో 90 శాతం లెక్కన డబ్బు వస్తుంది. అందుకని చిన్న కాలిన గాయమైనా సరే, ఆ రోజే ప్రమాదాల రిజిస్టరులో రాయించి, దాని ఫోటో మీ ఫోనులో ఉంచుకోండి.