‘మీ హెచ్-ఇండెక్స్ ఎంత?’: సైటేషన్ లెక్కల అపోహలు, వాస్తవాలు

పెళ్లిచూపుల్లో జీతం అడిగినంత మామూలుగా ఇప్పుడు పరిశోధకుల ఇంటర్వ్యూల్లో హెచ్-ఇండెక్స్ అడుగుతున్నారు. మన పేపర్లను మిగతావాళ్లు తమ పేపర్లలో ఎన్నిసార్లు ఉదహరించారో (వాటినే సైటేషన్లంటారు) చూసి కట్టే అంకె అది. నేను విశాఖలో హెల్త్ ఇన్ఫర్మాటిక్స్‌లో ఉన్నాను. అంటే ఆసుపత్రి రికార్డులు, వాటిలోని డేటా మీద పని. పీహెచ్‌డీ పిల్లల ప్రొఫైళ్లు సరిచూడటంలోనే నాకు సగం రోజు పోతుంది. తరచూ వినే మాటలు కొన్ని చెబుతాను.

అపోహ: పేపర్లనూ వాటి సైటేషన్లనూ చూపే గూగుల్ స్కాలర్‌లో నా పేరు కింద ఉన్నవన్నీ నావే.

కిందటి వేసవిలో సిరిపురంలో టీ తాగుతుంటే మా స్టూడెంట్, శ్రీకాకుళం అమ్మాయి, ఫోన్‌లో నా ప్రొఫైల్ తెరిచి, “ఇదేటి మేడం, రొయ్యల మేత మీద కూడా రాసీసేరా?” అంది. చూద్దును కదా, రొయ్యలే కాదు, కాంక్రీటు మీద కూడా ఒకటుంది. నా పేరూ, నా ఇంటిపేరు మొదటి అక్షరమూ ఉన్న మరో ఇద్దరివి అవి. ఆ రొయ్యలకు నా పేపర్లన్నిటికంటే ఎక్కువ సైటేషన్లున్నాయి. అబద్ధమెందుకు, తీసెయ్యడానికి రెండు రోజులు మనసొప్పలేదు.

ఈ చిక్కు మన పేర్లతోనే వస్తుంది. మనం ఇంటిపేరు ముందు పెడతాం, అదీ ఒక పొడి అక్షరంగా. డేటాబేసులేమో చివరి మాటే ఇంటిపేరనుకుంటాయి. దాంతో రావులందరూ ఒకే ఇంటివాళ్లయిపోతారు. ఒక పేపర్‌లో ఇంటిపేరు పూర్తిగానూ, ఇంకోదాంట్లో పొడి అక్షరంతోనూ రాసుకుంటే ఒకే మనిషి ఇద్దరవుతాడు. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్ల సంగతి సరేసరి. 2012లో మొదలైన ఆర్కిడ్ (ORCID) ఐడీ, అంటే ఒక్కో పరిశోధకుడికి ఒక్కో గుర్తింపు సంఖ్య, దీనికోసమే. పదహారు స్థానాల నంబరు, డబ్బు కట్టక్కర్లేదు. మొదటి పేపర్ పంపకముందే తీసుకోండి.

అపోహ: హెచ్-ఇండెక్స్ 12 అంటే ఎక్కడైనా 12.

స్కోపస్ అనే డేటాబేసులో 8 ఉన్న మనిషికే గూగుల్ స్కాలర్‌లో 12 ఉండొచ్చు. స్కాలర్ థీసిస్‌లనూ, ప్రిప్రింట్లనూ (జర్నల్ సమీక్షకు ముందే నెట్‌లో పెట్టిన పేపర్లు) కూడా లెక్కలోకి తీసుకుంటుంది. స్కోపస్ తాను ఎంచుకున్నవాటినే చూస్తుంది. ఏ డేటాబేసు, ఏ తేదీ అన్నది రాయకుండా అంకె ఒక్కటే చెప్పేవాళ్లను నేను వెంటనే తిరిగి అడుగుతాను.

హెచ్-ఇండెక్స్ లెక్క తేలికే. 2005లో దీన్ని భౌతికశాస్త్రవేత్త హోర్హే హిర్ష్ ప్రతిపాదించాడు. ఆరు పేపర్లకు 40, 18, 9, 6, 5, 3 సైటేషన్లు ఉన్నాయనుకోండి. అయిదు పేపర్లకు కనీసం అయిదేసి ఉన్నాయి కాబట్టి ఇండెక్స్ 5. ఆ 40 బదులు 900 వచ్చినా 5 కదలదు. జీవితకాలంలో ఒకే ఒక్క గొప్ప పని చేసినవాళ్లకు ఈ కొలత అన్యాయమే చేస్తుంది.

అపోహ: ఎక్కువ సైటేషన్లంటే గొప్ప పరిశోధన.

మా రంగంలో రెడ్‌క్యాప్ ఉంది, అధ్యయనాల డేటా ఎక్కించుకునే సాఫ్ట్‌వేర్. అమెరికాలోని వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ వాళ్లు 2009లో దాని గురించి పేపర్ వేశారు. వాడిన ప్రతివాళ్లూ దాన్ని ప్రస్తావించడం ఆనవాయితీ కాబట్టి సైటేషన్లు వేలల్లో ఉన్నాయి. మంచి పనిముట్టే, నేనూ వాడతాను. కానీ ఆ అంకె చెప్పేది వాడకం గురించి. కొత్త విషయం కనిపెట్టడం వేరు.

రెండో వైపు చూడండి. 2020 మే నెలలో లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో, కోవిడ్ రోగులకు హైడ్రాక్సీక్లోరోక్విన్ మందు వాడటం మీద ఒక పేపర్ వచ్చింది. 671 ఆసుపత్రులు, దాదాపు 96 వేల మంది రోగుల డేటా అన్నారు. ఆ డేటా ఇచ్చిన సర్జిస్ఫియర్ సంస్థ అసలు రికార్డులు చూపించలేదు, పేపర్ జూన్‌లోనే వెనక్కి తీసుకున్నారు. దానికీ సైటేషన్లు కుప్పలుగా ఉన్నాయి. తిట్టడానికి ఉదహరించినా లెక్కలో ఒకటే. కొందరైతే వెనక్కి తీసుకున్న సంగతి తెలియకుండానే ఉదహరించారు. పేపర్ తెరిచి, పైన ‘రిట్రాక్టెడ్’ అని ఉందో లేదో చూడటానికి అర నిమిషం చాలు.

అపోహ: జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ నా పేపర్ విలువ.

అది జర్నల్ మొత్తానికి, ఒక్కో పేపర్‌కు వచ్చిన సైటేషన్ల రెండేళ్ల సగటు, అంతే. మన ఆంధ్రా యూనివర్సిటీలో ఎం.ఏ. చదివిన సి.ఆర్.రావు గారు 1945లో గణాంకశాస్త్రంలో పేరున్న క్రేమర్-రావు హద్దును కలకత్తా మ్యాథమెటికల్ సొసైటీ బులెటిన్‌లో ప్రచురించారు. దాని ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎంతని అడిగినవాళ్లు లేరు.

ఇక ‘మూడు రోజుల్లో మీ పేపర్‌కు అంగీకారం’ అంటూ ఏవో జర్నళ్ల నుంచి వచ్చే మెయిళ్లు డిలీట్ చెయ్యండి. 2025లో యూజీసీ, నమ్మదగిన జర్నళ్లంటూ తాను ఇచ్చే కేర్ జాబితాను నిలిపేసింది కాబట్టి జర్నల్ ఎంపిక బాధ్యత ఇంకా మన మీదే పడింది.

అపోహ: కార్డియాలజీ వాళ్లకున్నన్ని సైటేషన్లు మనకూ ఉండాలి.

వాళ్ల రంగంలో రాసేవాళ్లు ఎక్కువ, ఉదహరించేవాళ్లూ ఎక్కువ. మా వాళ్లలో కంప్యూటర్ వైపు నుంచి వచ్చినవాళ్లు కాన్ఫరెన్సుల్లో ప్రచురిస్తారు, వాటిలో చాలావాటికి వైద్య పేపర్ల డేటాబేసు పబ్‌మెడ్‌లో చోటు ఉండదు.

అపోహ: సైటేషన్లు లేకపోతే ఆ పని ఎవరికీ పనికిరాలేదు.

కేస్ షీట్లలో అలర్జీ గడి ఎన్నిసార్లు ఖాళీగా ఉంటోందో లెక్కపెట్టి ఒక పేపర్ రాశాను. నాలుగు సైటేషన్లు వచ్చాయి, అందులో రెండు నావే. కానీ మేం పని చేసిన ఆసుపత్రిలో రెండో పేజీ అడుగున ఉండే ఆ గడిని మొదటి పేజీలో పేరు పక్కకు తెచ్చారు. మొన్న మా పిన్నిని అక్కడ చేర్చినప్పుడు, నర్సు పేరు రాసుకుని వెంటనే, “అమ్మా, ఏ మందైనా మీకు పడదా?” అని అడిగింది. “మందులన్నీ పడతాయమ్మా, మామిడిపండు తింటేనే దురదలు” అంది పిన్ని. ఆవిడ అదీ రాసుకుంది, ఎర్ర ఇంకుతో.