పూర్తి ధర ముందు, సబ్సిడీ తర్వాత: గ్యాస్ బండ నడిచొచ్చిన దారి

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఇవాళ గ్యాస్ పొయ్యి లేని ఇల్లు అరుదు. కట్టెల పొయ్యి లేని ఇల్లు కూడా అరుదే. పొద్దున చాయ్, పిల్లలు బడికి పోయే వేళకు కూర గ్యాస్ మీద అవుతాయి. స్నానాల నీళ్లు, జొన్న రొట్టెలు, నలుగురు చుట్టాలొస్తే పెద్ద గిన్నెలో అన్నం వాకిట్లో పొయ్యి మీదికి పోతాయి. నెలకు రావాల్సిన బండ ఇట్ల రెండు నెలలు వస్తుంది. మిగతా లోటు కంది కట్టె, పత్తి కట్టె, ఆముదం కట్టె, చెరువు కట్ట మీది సర్కారు తుమ్మ తీరుస్తాయి. వాటిని మోపు కట్టి మోసుకొచ్చేది, పొగలో కూర్చునేది ఆడవాళ్లే. గ్యాస్ పొదుపు అని మనం అనే దాంట్లో ఎక్కువ భాగం వాళ్ల నడుము మీద, ఊపిరితిత్తుల మీద పడిన ఖర్చే.

ఇదంతా ధర పెరగడం వల్లనే అంటే సగమే చెప్పినట్టు. ఆ ధరను పేదింటి దగ్గర ఎప్పుడు వసూలు చేస్తున్నారు, సాయం ఎప్పుడు అందిస్తున్నారు అన్నది ఇంకో సగం. రోజు కూలీ మీద బతికే ఇంటికి ఒక్కసారి తొమ్మిది వందలు తీయడం వేరు, ఐదు వందలు తీయడం వేరు. మిగతా నాలుగు వందలు తర్వాత ఖాతాలో పడతాయని చెప్పినా ఆ తేడా పోదు. పన్నెండు, పదమూడేళ్లుగా గ్యాస్ సబ్సిడీలో వచ్చిన మార్పులన్నీ ఈ ఒక్క విషయాన్ని పక్కన పెట్టే సాగాయి.

కొంచెం వెనక్కి పోదాం. 1965లో ఇండేన్ కలకత్తాలో మొదలైనప్పటి నుంచి దాదాపు మూడు దశాబ్దాలు గ్యాస్ పట్నపు ఉద్యోగస్తుల ఇళ్లదే. కనెక్షన్ కోసం ఏళ్ల తరబడి వరుసలో ఉండాలి. ఎంపీలకు కనెక్షన్లు ఇప్పించే కోటా ఉండేదంటే అది ఎంత అపురూపమో తెలుస్తుంది. అప్పట్లో దేవరకొండ, కల్వకుర్తి పల్లెల్లో కట్టెలు, పిడకలు, కంట్రోల్ దుకాణంలో ఇచ్చే గ్యాస్‌నూనె (కిరోసిన్), అంతే.

పల్లెకు గ్యాస్‌ను నిజంగా తెచ్చింది దీపం పథకం. 1999 జూలైలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చంద్రబాబు నాయుడు ప్రభుత్వం మొదలుపెట్టింది. డ్వాక్రా సంఘాల్లోని మహిళలకు కనెక్షన్ డిపాజిట్ వెయ్యి రూపాయలు సర్కారు కట్టింది. పొయ్యి ఖర్చు, ఆ తర్వాత బండల ఖర్చు ఇంటివాళ్లవి. దేశంలో ఇంత పెద్ద ఎత్తున పేద మహిళల పేరు మీద గ్యాస్ ఇచ్చిన తొలి ప్రయత్నాల్లో ఇదొకటి. దాని మేలును తక్కువ చేయలేం. పేద మహిళలకు కేంద్రం గ్యాస్ కనెక్షన్లు ఇచ్చే ఉజ్వల పథకం రాకముందే తెలంగాణ పల్లెల్లో గ్యాస్ ఇంతగా పాకడానికి పునాది అదే. 2019-20 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో రాష్ట్రంలో తొంభై శాతం పైగా ఇళ్లు వంటకు శుభ్రమైన ఇంధనం వాడుతున్నట్టు తేలింది.

అయితే తొలి రోజుల్లోనే ఒక లోపం బయటపడింది. కనెక్షన్ ఉచితంగా తీసుకున్న ఇళ్లు రెండో బండ, మూడో బండ తెప్పించుకోవడం లేదు. ప్రపంచ బ్యాంకు తరఫున జరిగిన పరిశీలన కూడా ఇదే చెప్పింది. కట్టె ఊరికే దొరుకుతుంది, బండకు మాత్రం మొత్తం నగదు ఒకేసారి కావాలి. పైగా దీపం కింద ఇచ్చింది ఒక్కటే బండ. అది అయిపోయిన రోజు చేతిలో పైసలు లేకపోతే ఆ రోజు నుంచే కట్టెల పొయ్యి. ఇరవై ఐదేళ్ల కింద కనిపించిన ఈ అడ్డంకి ఇవాళ్టికీ అట్లనే ఉంది.

ఇక ధర ఎక్కడ పుడుతుందో చూడాలి. మన దేశం వాడే వంటగ్యాస్‌లో సుమారు అరవై శాతం బయటి నుంచి వస్తుంది, అందులో ఎక్కువ భాగం గల్ఫ్ దేశాలది. సౌదీ చమురు కంపెనీ ఆరామ్‌కో ప్రతి నెలా వంటగ్యాస్‌లో ఉండే ప్రొపేన్‌కు, బ్యూటేన్‌కు ఒక ధర ప్రకటిస్తుంది. దాని మీద ఓడ కిరాయి, బీమా, డాలర్ రేటు కలిపి మన లెక్క కడతారు. దేశంలోనే తయారైన గ్యాస్‌కు కూడా దిగుమతి చేసుకున్నట్టే ధర కట్టడం ఇక్కడి పద్ధతి. విశాఖ రేవులో దిగిన గ్యాస్‌ను విజయవాడ మీదుగా సికింద్రాబాద్‌కు తెచ్చే గెయిల్ పైప్‌లైన్ ఉమ్మడి నల్లగొండ నేల కింద నుంచే పోతుంది. గొట్టం మన పొలాల కింద ఉన్నా ధర మాత్రం గల్ఫ్‌లో తేలుతుంది.

2002లో పెట్రో ఉత్పత్తుల మీద ప్రభుత్వ ధరల నియంత్రణ పద్ధతిని ఎత్తేసినా వంటగ్యాస్‌ను, రేషన్ కిరోసిన్‌ను కేంద్రం సబ్సిడీ కిందే ఉంచింది. అప్పట్లో సబ్సిడీ కంపెనీకి పోయేది, ఇంటివాళ్లకు తగ్గించిన ధరే తెలిసేది. ఎంత కట్టాలో అంతే కట్టి బండ దింపుకునేవాళ్లు. 2008లో కేంద్రం బండకు 50 రూపాయలు పెంచితే వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఆ యాభైని తానే భరించింది. అది కూడా ఇంటి గడప దగ్గర తగ్గిన ధరే.

మలుపు 2012లో మొదలైంది. ముడిచమురు ధర మండుతున్న రోజులు. ఆ సెప్టెంబర్‌లో యూపీఏ ప్రభుత్వం సబ్సిడీ బండలను ఏడాదికి ఆరుకు పరిమితం చేసింది. గొడవ కావడంతో 2013 జనవరిలో తొమ్మిది, 2014 జనవరిలో పన్నెండు చేసింది. ఈ మధ్యలోనే, 2013 జూన్‌లో, సబ్సిడీని బ్యాంకు ఖాతాలో వేసే పద్ధతి కొన్ని జిల్లాల్లో మొదలైంది. హైదరాబాద్, రంగారెడ్డి తొలి విడతలోనే ఉన్నాయి. 2014 తొలినాళ్లలో దాన్ని ఆపారు. కొత్తగా వచ్చిన మోదీ ప్రభుత్వం అదే పద్ధతిని ‘పహల్’ పేరుతో మళ్లీ తెచ్చి, 2015 జనవరి 1 నుంచి దేశమంతా అమలు చేసింది.

దొంగ కనెక్షన్లు పోవాలి, ఇంటి గ్యాస్ హోటళ్లకు మళ్లకూడదు అన్నది చెప్పిన కారణం. సబబైన కారణమే. కానీ దానితో పాటు బండ మీది ధర రెండు ముక్కలైంది: ముందు పూర్తి ధర కట్టాలి, తర్వాత సబ్సిడీ పడుతుంది. ఈ ఇబ్బంది సర్కారుకు తెలియదని అనుకోలేం. పహల్‌లో చేరినవాళ్లకు మొదటి బండ కొనుక్కోవడానికి 568 రూపాయలు ముందే ఖాతాలో వేశారు. పూర్తి ధర ఒక్కసారి కట్టడం కష్టమని ఒప్పుకున్నందుకే కదా ఆ సొమ్ము! తర్వాత వచ్చిన పథకాల్లో ఆ జాగ్రత్త పెద్దగా కనబడదు.

2016 మే నెలలో ఉత్తరప్రదేశ్‌లోని బలియాలో ఉజ్వల మొదలైంది. ఇంట్లో అప్పటికే కనెక్షన్ ఉంటే ఉజ్వలకు అర్హత లేదు. అంటే దీపం కింద ముందే గ్యాస్ తీసుకున్న మన పల్లె మహిళలు ఆ జాబితాలోకి రాలేదు. అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు, ఎందుకంటే సబ్సిడీ అందరికీ వస్తోంది. దాని దెబ్బ తర్వాత తెలిసింది.

2016 జూలై నుంచి సబ్సిడీ బండ ధరను నెలకు రెండు రూపాయలు, 2017 జూన్ నుంచి నాలుగు రూపాయలు పెంచుతూ పోయారు. చప్పుడు కాకుండా సబ్సిడీ కరిగింది. 2020లో కరోనా కాలం వచ్చేసరికి సౌదీ ధర టన్నుకు 250 డాలర్ల లోపుకు పడింది. మార్కెట్ ధర, సబ్సిడీ ధర ఒకటయ్యాయి కనుక ఆ మే నుంచి చాలామంది ఖాతాల్లో సబ్సిడీ పడటం ఆగిపోయింది. తర్వాత ధర పెరిగింది, సబ్సిడీ మాత్రం తిరిగి రాలేదు. రద్దు చేస్తున్నామని ఒక ప్రకటన వచ్చి ఉంటే కనీసం జనం అడిగేవాళ్లు. “గ్యాస్ పైసలు పడ్డయా?” అని ఒకరినొకరు అడుక్కుంటూ, బ్యాంకు మిత్ర దగ్గర వేలిముద్ర వేసి చూసుకుంటూ, ఇక పడవని ఎవరికి వారే తెలుసుకున్నారు. నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా బాధ కలిగించే ఘట్టం ఇదే.

2022 ఏప్రిల్‌లో, ఉక్రెయిన్ యుద్ధం మొదలైన కొద్ది వారాలకే, సౌదీ ధర టన్నుకు 900 డాలర్లు దాటింది. జూలైకి హైదరాబాద్‌లో బండ 1,105 రూపాయలు. 2023 మార్చిలో 1,155. ఉపాధి హామీ కూలీతో పోల్చితే దీని బరువు తెలుస్తుంది. 2013-14లో రోజు కూలీ 149 రూపాయలు, సబ్సిడీ బండ నాలుగు వందల పైచిలుకు, అంటే దాదాపు మూడు రోజుల పని. 2022-23లో కూలీ 257, బండ 1,105. నాలుగు రోజుల పని చేసినా సరిపోదు. అదీ కొలత ప్రకారం పూర్తి కూలీ పడితే. ఊరు దూరమైతే తెచ్చి దింపినందుకు పైన ఇంకో ముప్పయ్యో యాభయ్యో ఇవ్వాలి.

2022 మేలో కేంద్రం బండకు 200 రూపాయల సాయం మళ్లీ మొదలుపెట్టింది, ఉజ్వల వాళ్లకు మాత్రమే. 2023 అక్టోబర్‌లో దాన్ని 300 చేసింది. దీపం కాలం నుంచి గ్యాస్ వాడుతున్న పేదరాలికి ఇందులో ఒక్క రూపాయి లేదు. ఆలస్యంగా కనెక్షన్ తీసుకున్నామె అర్హురాలైంది, ముందు తీసుకున్నామె కాలేదు. ఇద్దరివీ తెల్ల రేషన్ కార్డులే, ఇద్దరూ ఒకే పత్తి చేనులో కూలికి పోయేవాళ్లే.

మునుగోడు ఉపఎన్నిక 2022 నవంబర్‌లో వచ్చినప్పుడు గ్యాస్ ధర టీఆర్ఎస్ సభల్లో మోగిపోయింది. ఏడాది తర్వాత అసెంబ్లీ ఎన్నికల్లో కాంగ్రెస్ 500కే బండ అన్నది, బీఆర్ఎస్ 400 అన్నది. ఈలోగా కేంద్రం 2023 ఆగస్టు చివర 200, 2024 మార్చిలో 100 తగ్గించింది. కాంగ్రెస్ గెలిచాక, 2023 డిసెంబర్‌లో, 500 గ్యాస్ రావాలంటే ఈకేవైసీ (ఆధార్‌తో వివరాల నిర్ధారణ) చేయించుకోవాలన్న ప్రచారంతో ఏజెన్సీల ముందు బారులు తీరిన జనాన్ని అందరం చూశాం.

2024 ఫిబ్రవరి 27న రాష్ట్ర ప్రభుత్వ మహాలక్ష్మి కింద 500కే బండ పథకం మొదలైంది. తెల్ల కార్డు ఉండి, ప్రజాపాలన కార్యక్రమంలో దరఖాస్తు చేసుకున్న దాదాపు 40 లక్షల ఇళ్లను లెక్కలోకి తీసుకున్నారు. గడప దగ్గర 500 ఇస్తే చాలని అనుకున్నవాళ్లే ఎక్కువ. అమలులో మళ్లీ అదే దారి: పూర్తి ధర కట్టాలి, 500 పైన ఉన్నది ఖాతాలో పడుతుంది. ఉజ్వల కనెక్షన్ అయితే కేంద్రం 300 ఒకవైపు, రాష్ట్రం ఇచ్చేది ఇంకోవైపు. ఏది పడిందో, ఏది పడలేదో చిన్న ఫోన్‌లో మెసేజ్ చదవలేని పెద్దవ్వకు తెలిసే దారి లేదు.

ఇంకో షరతు నన్ను బాగా ఆలోచింపజేసింది. గత మూడేళ్లలో సగటున ఎన్ని బండలు వాడారో అన్నింటికే సబ్సిడీ. ఆ మూడేళ్లు ఏవి? ధర వెయ్యి దాటిన రోజులు కూడా వాటిలో ఉన్నాయి. కొనలేక ఏడాదికి మూడు బండలతో సరిపెట్టుకుని కట్టెలు మోసిన ఇంటికి సగటు మూడే వస్తుంది. లోటు లేకుండా ఎనిమిది వాడిన ఇంటికి ఎనిమిది. ఎవరికి సాయం ఎక్కువ కావాలో వాళ్లకే తక్కువ చేరే లెక్క ఇది.

పాలమూరుకు సంబంధించి ఇంకొకటి ఉంది. కోస్గి, నారాయణపేట, మక్తల్ వైపు నుంచి వలస పోయిన కుటుంబం ఏడాదిలో ఎక్కువ నెలలు హైదరాబాద్‌లోనో, పుణేలోనో కట్టే బిల్డింగుల దగ్గర ఉంటుంది. కనెక్షన్ ఊళ్లో అత్త దగ్గర. సైటు దగ్గర వండుకునేది సెంట్రింగ్ చెక్కముక్కల మీదనో, పూర్తి ధర పెట్టి నింపించుకున్న చిన్న బండ మీదనో. వాళ్లు ఊళ్లో లేని నెలల్లో బుకింగ్ ఉండదు కనుక సగటూ పడిపోతుంది. వలస పోయినందుకు గ్యాస్ సాయంలో కోత పడిందన్న మాట.

ఇక హోటళ్లకు, టిఫిన్ బండ్లకు ఏ సాయమూ లేదు. 19 కిలోల కమర్షియల్ బండ మీద 18 శాతం జీఎస్టీ. ఇంటి బండ మీద ఐదు శాతమే. 2022 మేలో కమర్షియల్ బండ 2,500 దాటినప్పుడు పెరిగిన దోశ ధర మళ్లీ తగ్గలేదు. బడుల్లో మధ్యాహ్న భోజనం వండే మహిళల సంగతి ఇంకా కష్టం. పిల్లవాడికి ఇంత అని వచ్చే వంట ఖర్చులోనే కూరగాయలు, నూనె, పప్పులతో పాటు ఇంధనం కూడా చూసుకోవాలి. బిల్లు నెలల తరబడి రాకపోతే కిరాణా దుకాణంలో అప్పు పుడుతుంది, గ్యాస్ అప్పుకు రాదు. అందుకే చాలా బడుల వెనక రేకుల షెడ్డులో ఇంకా కట్టెలే మండుతున్నాయి.

2025 ఏప్రిల్‌లో బండ మీద 50 రూపాయలు పెరిగి హైదరాబాద్‌లో 905 అయింది. ఉపాధి కూలీ ఆ ఏడాదికి 307. అప్పటికి మళ్లీ మూడు రోజుల పని దగ్గరికి వచ్చింది. బండను అసలు ఖర్చు కంటే తక్కువకు అమ్మినందుకు కేంద్రం ఆయిల్ కంపెనీలకు 2022లో 22,000 కోట్లు, 2025లో 30,000 కోట్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. అంటే కంపెనీలకు నేరుగా డబ్బు చెల్లించి ఇంటి గడప దగ్గర ధర తగ్గించే దారి మూసుకుపోలేదు. రాష్ట్రం దగ్గర లబ్ధిదారుల జాబితా ఉంది, కంపెనీ దగ్గర బుకింగ్ లెక్క ఉంది. ఆ రెండింటినీ కలిపి, బండ దింపేటప్పుడే 500 తీసుకుని, మిగతాది రాష్ట్రం కంపెనీకి కట్టొచ్చు. మూడేళ్ల సగటు బదులు ఇంట్లో మనుషుల లెక్కన బండలు నిర్ణయించొచ్చు. ఈ రెండు మార్పులూ జరిగితే ముందు తగ్గేది వాకిట్లో కట్టెల మోపు.